మనసు బాగోలేనప్పుడు తిండి మీద పడకుండా ఉండాలంటే

రాత్రి భోజనమై గంట దాటింది. ఆకలి లేదు. అయినా కాళ్లు వంటింట్లోకి నడుస్తాయి, చేయి జంతికల డబ్బా మూత తీస్తుంది. నాలుగు తిని మూత పెట్టేద్దామనే అనుకుంటారు. అడుగున పొడి తగిలాక గానీ చేయి ఆగదు. కడుపు బరువెక్కుతుంది, మీ మీద మీకే కోపం వస్తుంది, పొద్దున ఆఫీసులో పడ్డ మాట మాత్రం ఎక్కడికీ పోదు. మీకు తరచూ ఇలా జరుగుతుంటే ఏం చేయాలో వరసగా చెబుతాను.

మొదలుపెట్టే ముందు మనసులోంచి ఒక మాట తీసేయండి. దీన్ని తిండిపోతుతనం అనుకోవద్దు. హఠాత్తుగా భయం వేస్తే ఆకలి చచ్చిపోతుంది, అది అందరికీ అనుభవమే. కానీ టెన్షన్ రోజుల తరబడి సాగితే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువవుతుంది, తీపి మీదికీ నూనె సరుకు మీదికీ మనసు లాగుతుంది. తీపి, కొవ్వు తిన్నప్పుడు ఒంట్లో ఆ ఒత్తిడి కొంత నెమ్మదిస్తుందని, ఎలుకల మీద చేసిన పరిశోధనల ఆధారంగా అమెరికా శాస్త్రవేత్త మేరీ డాల్మన్ బృందం 2003లో రాసింది. అంటే మీకు కలిగే ఊరట ఉత్త భ్రమేం కాదు.

అయితే ఆ ఊరట ఎంత? 2014లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు దీన్ని మనుషుల మీదే పరీక్షించారు. మనసు పాడుచేసే వీడియోలు చూపించి, కొన్నిసార్లు వాళ్లకు బాగా ఇష్టమైన తిండి పెట్టారు, కొన్నిసార్లు మామూలు తిండి పెట్టారు, కొన్నిసార్లు ఏమీ పెట్టలేదు. కాసేపటికి అందరి మనసూ ఇంచుమించు ఒకేలా తేరుకుంది. తినని వాళ్లు కూడా అంతే తేరుకున్నారు. మనసు తనంతట తానే సర్దుకుంటుంది, ఆ పేరు మాత్రం తిండి కొట్టేస్తుంది. నేను కింద చెప్పేదంతా దీని మీదే నిలబడి ఉంది. ఆ కాసేపు గడవడానికి ఒక దారి చూసుకోవాలి. కాసేపట్లో పోని పెద్ద బాధ అయితే దానికి తగిన మందు దానికి వేయాలి.

1. ముందు వేళకు కడుపు నిండా తినండి

తిండి తగ్గించాలనుకునే మనిషికి ఇది విడ్డూరంగా తోచవచ్చు. కానీ దీన్ని దాటేసి మిగతావన్నీ చేస్తే ఫలితం ఉండదు.

పొద్దున టీ, బిస్కెట్‌తో సరిపెట్టి, మధ్యాహ్నం హడావుడిగా నాలుగు ముద్దలు తిని, సాయంత్రం దాకా పనిలో పడిపోయిన మనిషికి ఆరింటికి వచ్చేది ఆకలీ, దిగులూ కలిసిపోయిన స్థితి. ఆ సమయంలో ఎంత మంచి సలహా అయినా పనిచేయదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944, 1945లలో, అదే మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు సగం తిండే పెట్టి చూశాడు. అంతకుముందు తిండి గురించి పెద్దగా పట్టించుకోని వాళ్లు కూడా పగలూ రాత్రీ తిండి గురించే మాట్లాడారు. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. చిరాకు, దిగులు పెరిగాయి. తిండి మళ్లీ మామూలుగా పెట్టాక కొందరు ఎంత తిన్నా ఆకలి తీరలేదన్నారు. కడుపు మాడ్చుకుంటే మనసు తిండి చుట్టే తిరుగుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అందుకే మూడు పూటలా తినండి, మధ్యలో ఒకటో రెండో చిన్న ఫలహారాలు పెట్టుకోండి. అతిగా తినే సమస్యకు చికిత్స రూపొందించిన ఆక్స్‌ఫర్డ్ డాక్టర్ క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ పద్ధతిలోనూ తొలి దశలోనే ఉండేది ఇది. తిండికీ తిండికీ మధ్య నాలుగు గంటలకు మించి ఎడం రాకుండా చూసుకోవాలి. పొద్దున పెసరట్టో, సాంబారుతో ఇడ్లీయో, గుడ్డో ఉంటే ఉత్త ఉప్మా కంటే ఎక్కువసేపు ఆగుతుంది. అన్నంలో పప్పు కాస్త ఎక్కువ కలుపుకోండి. సాయంత్రం నాలుగు, అయిదు మధ్య ఉడికించిన శనగ గుగ్గిళ్లో, గుప్పెడు వేరుశనగలో, జామకాయో ముందే అనుకుని తినండి. ఆ పూట అలా గడిస్తే రాత్రి సగం పోరాటం ఉండదు.

ఇంట్లో అందరికీ వడ్డించి, అందరూ తిన్నాక మూడింటికి చల్లారిన అన్నం తినే ఆడవాళ్లకు ఇది మరీ మరీ చెబుతున్నాను. పిల్లల కంచంలో మిగిలింది పారేయలేక నోట్లో వేసుకోవడం భోజనం కింద లెక్క కాదు. మీ కంచం మీరు పెట్టుకుని కూర్చోండి.

2. ఇది ఏ ఆకలో తేల్చుకోండి

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖం ఎరుగదు అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఏదైనా తినాలనిపించినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు పెరుగన్నం, ఊరగాయ ముక్క పెడితే తింటానా? తింటాను అనిపిస్తే అది కడుపు ఆకలే. తినేయండి, ఆలోచించొద్దు. పెరుగన్నం వద్దు, బిర్యానీయే కావాలి, కారప్పూసే కావాలి, ఐస్‌క్రీమే కావాలి అనిపిస్తే అక్కడ అడుగుతున్నది కడుపు కాకపోవచ్చు.

ఇంకో గుర్తు కూడా ఉంది. కడుపు ఆకలి మెల్లగా మొదలై పెరుగుతుంది, తింటే తీరుతుంది. మనసు బాగోలేక వచ్చే ఆకలి ఫోన్ పెట్టేయగానే వస్తుంది, మెసేజ్ చదవగానే వస్తుంది, ఒక మనిషి గదిలోంచి వెళ్లగానే వస్తుంది.

ఒక జాగ్రత్త. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఈ పరీక్షలేవీ పెట్టుకోవద్దు. ఉన్నట్టుండి ఆకలి వేసి, చెమటలు పట్టి, చేతులు వణికితే అది షుగర్ పడిపోవడం కావచ్చు. మిషన్ దగ్గరుంటే చూసుకోండి. 70 కంటే తక్కువ ఉన్నా, చూసుకునే వీలు లేకపోయినా వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలయ్యాక మళ్లీ చూసుకోవాలి. మాట తడబడుతుంటే, మగతగా ఉంటే ఇంట్లోవాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

3. ఒక వారం రాసి చూడండి

పాత డైరీ అయినా సరే, ఫోన్‌లో నోట్స్ అయినా సరే. ఆకలి లేకుండా తిన్న ప్రతిసారీ నాలుగు ముక్కలు రాయండి: టైం ఎంత, ఏం తిన్నాను, దానికి ముందు అరగంటలో ఏం జరిగింది, ఒంట్లో ఎలా ఉంది. కేలరీలు రాయొద్దు, బరువు రాయొద్దు, తప్పు చేశాను అని అసలే రాయొద్దు. ఆ వారం ఏదీ మానాల్సిన పని లేదు, ఊరికే గమనించండి.

నాకు తెలిసిన ఒకావిడ బ్యాంకులో పనిచేస్తారు. ఇంటికొచ్చే దారిలో బజ్జీల బండి ఉంది. ఉల్లిపాయలు కూరి నిమ్మకాయ పిండిన మిరపకాయ బజ్జీలు ఓ ప్లేటు తిని, ఇంకో ప్లేటు కట్టించుకుని, ఇంటికి చేరేలోపు అదీ తినేసేవారు. తన జబ్బంతా బజ్జీల్లోనే ఉందనుకున్నారు. రాయడం మొదలుపెట్టాక బయటపడింది వేరు. ఆమె బండి దగ్గర ఆగిన రోజులు ఎక్కువగా టార్గెట్ల మీటింగ్ ఉన్న రోజులు. మీటింగ్‌లో అందరి ముందూ మాటలు పడాలి, ఇంటికి రాగానే పిల్లల హోంవర్క్, అత్తగారి మందులు, రాత్రి వంట. బ్యాంకు మెట్లు దిగడానికీ ఇంటి గడప ఎక్కడానికీ మధ్య ఆమెను ఎవరూ ఏమీ అడగని చోటు ఒక్క ఆ బండి మాత్రమే.

ఆవిడకు కావలసింది ఆ ఖాళీ. ఇప్పుడు మీటింగ్ ఉన్న రోజు ఒక స్టాపు ముందే బస్సు దిగి, పార్కు బెంచీ మీద కాసేపు కూర్చుని, అక్కకు ఫోన్ చేసుకుని ఇంటికి వస్తారు. బజ్జీలు పూర్తిగా మానలేదు. శనివారం పిల్లలతో కలిసి అదే బండి దగ్గర తింటారు, ఇష్టంగా తింటారు.

మీ వారం మీకేం చూపిస్తుందో నేను చెప్పలేను. అత్తింటి ఫోన్ కావచ్చు, జీతం పడ్డ వారానికే ఖాళీ అయ్యే ఖాతా కావచ్చు, ఆదివారం సాయంత్రం కావచ్చు. రాసి చూడకుండా ఊహించి మాత్రం చెప్పుకోవద్దు. చాలామంది ఊహ తప్పుతుంది.

4. పది నిమిషాలు ఆగండి

తినకూడదు అని మనసుకు చెప్తే అది ఇంకా మొండికేస్తుంది. పది నిమిషాలయ్యాక కావాలంటే తింటాను అని చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. పది నిమిషాల తర్వాత నిజంగానే తినాలనిపిస్తే తినొచ్చు.

వాషింగ్టన్ యూనివర్సిటీ సైకాలజిస్టు అలన్ మార్లాట్ తాగుడు, సిగరెట్ మానాలనుకునేవాళ్లకు ఒక పద్ధతి నేర్పేవాడు. తాగాలనే కోరిక అల లాంటిది, లేస్తుంది, ఒక ఎత్తుకు వెళ్తుంది, విరిగిపోతుంది, దాంతో కుస్తీ పట్టకుండా అది విరిగేదాకా చూస్తూ ఉండండి అనేవాడు. తిండికీ ఇది బాగా పనికొస్తుంది. కోరిక ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూడండి. గొంతులోనా, దవడల్లోనా, ఛాతీ మీద బరువుగానా? అది పెరుగుతోందా, తగ్గుతోందా? తగ్గే ముందు ఒక దగ్గర అది బాగా గట్టిపడుతుంది. చాలామంది సరిగ్గా అక్కడే లొంగిపోతారు. అది తెలిసి ఉంటే దాటడం తేలిక.

ఆ పది నిమిషాలూ వంటింటికి దూరంగా గడపండి. చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా వెళ్లి రండి. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధనలో పదిహేను నిమిషాలు చురుగ్గా నడిచిన తర్వాత చాక్లెట్ మీద కోరిక తగ్గింది. బయటికెళ్లే వీలు లేకపోతే మేడ మీదికి వెళ్లండి, ముఖం మీద చల్లటి నీళ్లు కొట్టుకోండి, మొక్కలకు నీళ్లు పోయండి. ఏదీ కుదరకపోతే కూర్చుని నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె దడ తగ్గుతుంది. ఫోన్ తీసి రీల్స్ చూడటం మాత్రం ఇందులోకి రాదు. అందులో ప్రతి మూడోది తిండి వీడియోయే.

5. ఏ బాధకు ఆ మందు

అసలు పని ఇక్కడ ఉంది. పది నిమిషాలు గడిచాయి, కోరిక తగ్గింది, కానీ లోపల ఏదో ఉంది. దానికి పేరు పెట్టండి. ఏదోలా ఉంది అని వదిలేయకుండా, అవమానంగా ఉంది, భయంగా ఉంది, ఎవరూ లేరనిపిస్తోంది అని గట్టిగా పైకి అనుకోండి. బాధను మాటల్లో పెడితే దాని పట్టు కొంత సడలుతుంది. పేరు తెలిస్తే దానికి ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

అలసట అయితే పడుకోండి. ఇంత చిన్న సంగతా అనుకోవద్దు, నా అంచనాలో రాత్రిపూట తిండికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. చికాగో యూనివర్సిటీలో 2004లో వచ్చిన పరిశోధనలో యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ హార్మోన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, తీపి మీదికీ ఉప్పటి చిరుతిళ్ల మీదికీ మనసు పోయింది. అమెరికా వేళల్లో కాల్స్ ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, నైట్ డ్యూటీ నర్సులు, పరీక్షలకు చదివే పిల్లలు రాత్రి పన్నెండింటికి తినేది చాలావరకు నిద్రకు బదులే. మీ డ్యూటీ మీ చేతుల్లో లేకపోవచ్చు. డ్యూటీ అయ్యాక ఫోన్ చూస్తూ పోగొట్టుకునే గంట మీ చేతుల్లో ఉంది.

కోపం అయితే, అది ఎవరి మీదో చూడండి. మన ఇళ్లలో, ముఖ్యంగా కోడళ్లకు, చిన్నవాళ్లకు, కోపం చూపించే హక్కు తక్కువ. అనలేని మాట గొంతులో ఉండిపోతుంది, దాని మీద ఏదో ఒకటి తిని మింగేస్తారు. ఆ మాటను కాగితం మీద అనండి. అమెరికన్ సైకాలజిస్టు జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమను బాగా బాధపెట్టిన సంగతి గురించి రాయించాడు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కినట్టు అనిపించినా, తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. మీరూ అలాగే రాయండి. అచ్చుతప్పులు చూసుకోవద్దు, మర్యాద చూసుకోవద్దు, రాశాక చించేయండి. తర్వాత, అందులో నిజంగా చెప్పాల్సిన మాట ఒక్కటి ఉంటే, ఆ మనిషితో నెమ్మదిగా చెప్పండి: "అందరి ముందూ అలా అనడం నాకు బాధేసింది. ఏదన్నా ఉంటే విడిగా చెప్పండి." ఇంత చిన్న మాట అనడానికి ఏళ్లు పట్టినవాళ్లు ఉన్నారు. ఇంట్లో చేయి చేసుకునే మనిషి ఉంటే మాత్రం ఈ సలహా వద్దు. ముందు మీ భద్రత చూసుకోండి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

ఒంటరితనం అయితే మనిషి గొంతు వినాలి. వాట్సాప్ గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు ఆ పని చేయవు. వారంలో ఫలానా రోజు ఫలానా టైంకి ఫలానా మనిషికి ఫోన్ అని ముందే పెట్టుకోండి, ఎందుకంటే దిగులుగా ఉన్నప్పుడు ఎవరికి చేయాలో తోచదు, చేయబుద్ధీ కాదు. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఒక్కరే ఉండి చదువుకునే మన పిల్లలు సాయంత్రం గదికొచ్చి ఫ్రోజెన్ పరాటాలు ఒకదాని తర్వాత ఒకటి వేడిచేసుకుని తింటుంటారు. డల్లాస్‌లో సాయంత్రం ఏడైతే మన దగ్గర తెల్లవారుజాము ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. అమ్మ అప్పటికి లేచే ఉంటుంది. పాలు పొంగుతుండగా స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతుంది. "తిన్నావా?" అనే అడుగుతుంది. "తిన్నానమ్మా, మనసే బాగోలేదు" అని చెప్పండి. బెంగ పెట్టుకుంటుందని దాచొద్దు. మీరు దాచినా ఆమెకు గొంతులో తెలుస్తూనే ఉంటుంది.

ఏం తోచకపోవడం వేరే సంగతి. దానికి చేతులకు పని కావాలి. ముగ్గు, కుట్టు, పిల్లలతో క్యారమ్స్, బీరువా సర్దడం, ఏదైనా సరే. రెండు చేతులూ పనిలో ఉంటే డబ్బా మూత తీసే చేయి ఉండదు.

డబ్బు టెన్షన్, పరీక్షల టెన్షన్ లాంటివి రాత్రిపూట కొండంత అవుతాయి. కాగితం మధ్యలో ఒక గీత గీయండి. ఒకవైపు నా చేతిలో లేనివి, ఇంకోవైపు రేపు చేయగలిగింది ఒక్కటి. ఈఎంఐ కట్టలేనని భయమైతే రేపు చేయగలిగింది బ్యాంకుకు వెళ్లి గడువు అడగడం. ఫెయిలవుతానని భయమైతే రేపు పొద్దున ఒక చాప్టర్. అది రాసి పడుకోండి.

దుఃఖం గురించి కొంచెం ఆగి చెప్పాలి. దగ్గరివాళ్లు పోయాక, పెళ్లి చెడిపోయాక, కడుపు పోయాక వచ్చే బాధకు పది నిమిషాల చిట్కాలు సరిపోవు. ఏడుపు వస్తే ఏడవనివ్వండి. మగవాళ్లు కూడా. పోయినవాళ్ల గురించి వాళ్లను ఎరిగినవాళ్లతో మాట్లాడండి, పేరు ఎత్తకుండా ఉండటం బలం అనుకోవద్దు. చావింటికి బంధువులు వండి పంపిన అన్నం నలుగురూ కూర్చుని తినడంలో తప్పేం లేదు, అది మనిషిని నిలబెడుతుంది. తలుపు మూసుకుని ఒక్కరే తినే తిండి గురించే నా మాటలన్నీ. అలాంటి రోజుల్లో తిండి అటూ ఇటూ అయినా మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. నెలలు గడిచినా లేవలేకపోతుంటే కింద చెప్పిన సాయం తీసుకోండి.

6. ఇంట్లో చిన్న మార్పులు

చిరుతిళ్లు కళ్లెదురుగా ఉండనవసరం లేదు. జంతికలు, సున్నుండలు పై అరలో పెట్టి, అందే చోట పండ్లు పెట్టండి. ఫుడ్ యాప్‌లో దాచిన కార్డు వివరాలు తీసేయండి, నోటిఫికేషన్లు ఆపేయండి. మళ్లీ నంబరంతా టైపు చేసేలోపు మనసు మారే అవకాశం ఉంది. ప్యాకెట్‌లోంచి నేరుగా తినొద్దు. ఎంత తినాలనుకున్నారో ప్లేటులో పెట్టుకుని, కూర్చుని, టీవీ ఆపి తినండి. ఇష్టమైనదాన్ని ఇల్లంతా గాలించి పారేయాల్సిన పని లేదు. పూర్తిగా నిషేధించిన వస్తువే ఎక్కువ పిలుస్తుంది.

7. ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలి

మనకు ప్రేమ కంచంలో పెట్టి చూపించడం అలవాటు. ముఖం వాడిపోయి కనిపిస్తే "ఏమైంది" అనే ముందు "ఇంకో ముద్ద పెట్టుకో" అంటారు. పెట్టిన చేతిని తోసేస్తే నొచ్చుకుంటారు. కాబట్టి కంచం వద్దంటూనే మనిషిని దగ్గరికి పిలవండి: "అమ్మా, ఆకలిగా లేదు, నువ్వు కాసేపు నా పక్కన కూర్చో." అత్తగారితో అయితే: "ఇప్పుడు వద్దు అత్తయ్యా, రేపు పొద్దున టిఫిన్‌తో తింటాను, దాచండి." భార్యాభర్తలు ఒకరికొకరు ముందే చెప్పుకోవాల్సింది ఒకటుంది: "నేను దిగులుగా ఉన్నప్పుడు సలహా వద్దు, పది నిమిషాలు వింటే చాలు." దిగులు ముంచుకొచ్చాక ఈ మాట నోట రాదు, మామూలు రోజునే చెప్పి పెట్టుకోండి.

పెళ్లిళ్లలో "ఏంటి ఇలా లావెక్కావు?" అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు జవాబు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. "బాగున్నాను పిన్నీ, మీరెలా ఉన్నారు?" అని మాట మార్చండి. ఇది చదువుతున్న మీరే అలా అనే అలవాటున్న పెద్దవారైతే, దయచేసి మానండి. ఆ మాట విన్న పిల్ల ఆ రాత్రి ఏం తింటుందో, ఎందుకు తింటుందో మీకు కనిపించదు.

8. మళ్లీ అతిగా తిన్న రోజు

అది జరుగుతుంది. మర్నాడు ఉపవాసం చేయొద్దు, టిఫిన్ మానొద్దు, శిక్షలా రెండు గంటలు నడవొద్దు. మాడిన కడుపు సాయంత్రానికి మళ్లీ అక్కడికే తీసుకొస్తుంది, అదే చక్రం మళ్లీ మొదలవుతుంది. మామూలు వేళకు మామూలు టిఫిన్ తినండి. డైరీలో ఆ నాలుగు ముక్కలు రాయండి. మీ చెల్లెలికో స్నేహితురాలికో ఇదే జరిగితే ఏం చెప్తారో, మీకూ అదే చెప్పుకోండి.

9. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

మామూలుగా ఎవరూ తిననంత తిండి కొద్దిసేపట్లో తినేయడం, మధ్యలో ఆపుకోలేకపోవడం, సిగ్గేసి చాటుగా తినడం, తిన్నాక అసహ్యం, ఇవి వారానికి ఒకసారైనా మూడు నెలలుగా జరుగుతుంటే అది చికిత్స ఉన్న జబ్బు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని విడి జబ్బుగా గుర్తించింది, పేరు బింజ్ ఈటింగ్ డిజార్డర్. మాటలతో చేసే చికిత్స దీనికి బాగా పనిచేస్తుంది. తిన్నాక కావాలని వాంతి చేసుకుంటున్నా, విరేచనాల మందులు వేసుకుంటున్నా ఒక్క రోజు కూడా ఆగొద్దు. దానివల్ల ఒంట్లో పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు.

కొత్తగా ఏదైనా మందు మొదలుపెట్టాక ఆకలి పెరిగిందా అన్నది కూడా చూసుకోండి. ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు, ఒలాంజపిన్, మిర్టజపిన్ ఆకలిని పెంచుతాయి. మీ అంతట మీరు మాత్రం మందు ఆపొద్దు, రాసిన డాక్టరుకే చెప్పండి.

రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, పొద్దున లేవబుద్ధి కాకపోయినా, బతకడం ఎందుకనిపించినా 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ ఇది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. నేరుగా చూపించుకోవాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీలో కూడా అడగవచ్చు.

ఫోన్ ఎత్తాక ఏం చెప్పాలో తోచక చాలామంది పెట్టేస్తారు. మొదటి మాట ముందే రాసి పెట్టుకోండి: "మనసు బాగోలేనప్పుడల్లా ఆకలి లేకపోయినా తింటున్నాను, ఆపుకోలేకపోతున్నాను. ఎవరితో మాట్లాడాలో తెలియక మీకు చేశాను." మిగతాది అవతలివాళ్లే ఒక్కొక్కటిగా అడుగుతారు. మీరు వారం రాసిన డైరీ దగ్గర పెట్టుకోండి, వాళ్లు అడిగేవాటిలో చాలావాటికి జవాబు అందులోనే ఉంటుంది.